మామా వెండి, టీచరమ్మ సుద్దపొడి

వెండి తోమడమంటే నాకు ఇప్పటికీ విసుగే. మా కోడలు పూజగిన్నెలు తెచ్చి ముందు పెట్టి, "నీ చేతికి బాగా మెరుస్తాయి గదత్తా" అంటుంది. నడుము నొప్పి అంటాను, కళ్లు ఆనడం లేదంటాను, ఏదో ఒకటి చెప్పి లేచిపోతాను. నిజానికి నా అంత బాగా వెండి తోమే మనిషి మా మండలమంతా వెతికినా దొరకదు. ఆ విద్య కువైట్‌లో నేర్చుకున్నాను, కువైట్‌లోనే వదిలేసి వచ్చాను.

సబా అల్ సలేంలో ఒక ఇంట్లో ఏడేళ్లు పనిచేశాను. ఇంటావిడను అక్కడ అందరూ పిలిచినట్టే మామా, అంటే అమ్మా, అనేదాన్ని, ఆయన్ను బాబా అనేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు. పిల్లలు లేని ఇల్లు కాబట్టి పని తక్కువని ఏజెంటు చెప్పి పంపాడు. వెండి సంగతి మాత్రం చెప్పలేదు.

మామా లండన్‌లో చదువుకునే రోజుల్లో ఏదో సంతలో ఒక పాత చెంచా కొన్నదట. అక్కడ పట్టుకుంది పిచ్చి. నేను వెళ్లేసరికి హాల్లో మూడు అద్దాల బీరువాలు నిండిపోయి ఉన్నాయి. ఒకదాంట్లో ఇంగ్లండు వెండి, ఒకదాంట్లో ఐర్లండుది, మూడోదాంట్లో అమెరికాది. టీ కూజాలు, పాల చెంబులు, చక్కెర గిన్నెలు, చేప వడ్డించే వెడల్పు గరిటెలు, కొవ్వొత్తి స్టాండ్లు, ఎన్నో చెంచాలు. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి అడుగున కొట్టిన ముద్రలను బట్టి ఏది ఏ బీరువాలోదో గుర్తుపట్టడం నేర్పింది. నడుస్తున్న సింహం ఉంటే ఇంగ్లండుది. కిరీటం పెట్టిన వీణ ఉంటే ఐర్లండుది. అది వీణ కాదు, వాళ్ల వాద్యమేదో, వీణ అని నేనే పేరు పెట్టుకున్నాను. బొమ్మలేమీ లేక ఉత్త అక్షరాలుంటే అమెరికాది. వారానికి ఒక బీరువా తోమేదాన్ని. మూడోది పూర్తయ్యేసరికి మొదటిది మళ్లీ మసకబారి నా కోసం ఎదురుచూస్తూ ఉండేది.

వెళ్లిన కొత్తలో ఒక తప్పు చేశాను. ఐర్లండు బీరువాలో మూడు కాళ్ల చక్కెర గిన్నె ఒకటి ఉండేది. దాని చుట్టూ పూలు, పక్షులు చెక్కి ఉన్నాయి, ఆ సందులనిండా నలుపు. ఇంత డబ్బున్న ఇంట్లో ఈ మురికేమిటని నాకు జాలేసింది. చింతపండు నానేసి, బొగ్గుల పొయ్యిలో బూడిద కలిపి, పీచుతో గంటసేపు రుద్దాను. కొత్త పెళ్లికి కొన్నట్టు తెల్లగా అయింది. మెచ్చుకుంటుందని మామా చేతిలో పెట్టాను. ఆమె ముఖం పాలిపోయింది.

"నువ్వు తీసేసింది మురికి కాదు. రెండు వందల ఏళ్లు," అంది.

పాత వెండికి సందుల్లో నలుపే అందమట, దాన్ని చూసే వెల కడతారట. మా ఊళ్లో వెండిని తూకం వేసి కొంటారు. పాతదైతే తరుగు తీస్తారు. నలుపుకు విలువేమిటో నాకు అర్థం కాలేదు. ఆ రోజు నుంచి మామా తెచ్చిన గులాబీ రంగు పేస్టుతో, మెత్తటి గుడ్డతో, పైపైన మాత్రమే తుడిచేదాన్ని. సందుల్లో నలుపు అలాగే వదిలేసేదాన్ని. సగం పని చేసి సగం ఆపేసినట్టుండేది, చేసిన తృప్తే లేదు.

ఐదో ఏడు ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. రోడ్ల మీద ట్యాంకులు, ఇళ్లల్లో సోదాలు. మొదటి సోదాలోనే మామా బంగారం పోయింది, టీవీ పోయింది, కారు పోయింది. అదృష్టం ఏమిటంటే అంతకు రెండు రోజుల ముందే వెండిని మేడమీది గదిలో పాత దుప్పట్ల కింద కుక్కేశాం. మళ్లీ వస్తే దొరకదన్న నమ్మకం లేదు. అప్పుడు నేనే ఒక మాట చెప్పాను. గుడ్లు తినడానికి వెండి చెంచా వేయొద్దని, గుడ్డు తగిలితే వెండి నల్లబడుతుందని మామాయే నన్ను ఎన్నోసార్లు తిట్టింది. అయితే అంతా నల్లబరిచేద్దాం అన్నాను. పెరట్లో కోళ్లున్నాయి. గుడ్లు ఉడకబెట్టి, చిదిపి, పెద్ద పెద్ద ప్లాస్టిక్ డబ్బాల్లో వెండితోపాటు పెట్టి మూతలు బిగించాం. రెండు రోజులకు మామా పిచ్చి అంతా మాడిన మూకుళ్లలా తయారైంది. వాటిని వంటింట్లో గిన్నెల మధ్య కలిపేశాను. రెండో సోదాలో ఒక సిపాయి ఆ మూడు కాళ్ల గిన్నెలో నీళ్లు ముంచుకుని తాగి, అక్కడే పడేసి పోయాడు. ఆ రోజు మామా చాలా రోజుల తర్వాత నవ్వింది.

మనవాళ్లు బస్సులెక్కి బస్రా మీదుగా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు పోతున్నారని తెలిసింది. నేను పోలేదు. మొదట పాస్‌పోర్టు లేదు, బాబా ఆఫీసు లాకర్‌లో ఉండిపోయింది, ఆఫీసును దోచేశారు. తర్వాత దానికి బదులు ఎంబసీవాళ్లు కాగితం రాసిస్తారన్నారు గానీ అప్పటికి నాకు ధైర్యం లేదు. అంత ఎడారిలో ఎవరితో పోవాలి. అలసిపోయాను కూడా. కదలాలంటే కూడా ఓపిక కావాలి గదా.

అక్టోబరులో రొట్టెల దుకాణం ముందు వరుసలో నిలబడ్డ మగవాళ్లను ట్రక్కు ఎక్కించుకుని పోయారు. అందులో మా బాబా ఉన్నాడు. పక్కింటాయన కూడా ఉన్నాడు. పక్కింటావిడ బడిలో టీచరు. నేను టీచరమ్మ అనేదాన్ని. చిన్నది, మామా కంటే పదిహేనేళ్లు చిన్నది. రెండిళ్ల పెరళ్లకూ మధ్య గోడలో చిన్న తలుపు ఉంది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం ఆ తలుపు తీసుకుని వచ్చి మామా పక్కన కూర్చునేది. నేను టీ పెట్టి ఇచ్చేదాన్ని. చల్లారిన టీ తీసి పారబోసి మళ్లీ పెట్టేదాన్ని.

కడప అబ్బి ఒకడు షువైఖ్‌లో గ్యారేజీలో మెకానిక్. సాయిబు. ఊరి మనిషినని మా వీధికి వచ్చినప్పుడల్లా కూరగాయలు తెచ్చిచ్చేవాడు. సైన్యం వాళ్లు దోచుకున్న కార్లను వాడి దగ్గరికే రిపేరుకు తెచ్చేవాళ్లు. ఒక పొద్దున వచ్చి వాకిట్లోనే గొంతు తగ్గించి చెప్పాడు.

"అక్కా, ఒక కెప్టెన్ కారు నేనే చేస్తాండా. మీ బాబాను పెట్టిన చోటు ఆయప్పకు తెలుసంట. విడిపిస్తా, ఏమిస్తారు అంటాండాడు. దినార్లు వద్దంట. బంగారమో వెండో ఉంటే చూస్తాడంట."

"ఒక్కరికేనా? పక్కింటాయప్ప కూడా ఆడే ఉండాడు," అన్నాను.

"ఇద్దరనే చెప్పినా అక్కా. సరుకు చూసి చెప్తా అన్నాడు. పేర్లు ఈడికొచ్చే రాసుకుంటాడంట."

మామాతో చెప్పాను. ఆమె లేచి వంటింట్లోకి పోయి ఒక చెంచా తెచ్చి ఇచ్చింది. ఆలోచించను కూడా లేదు. మెకానిక్ దాన్ని తీసుకుపోయి మర్నాడు వెనక్కి తెచ్చాడు.

"నవ్వినాడక్కా. ఇది సత్తు గరిటె, నన్ను ఎర్రోణ్ణి చేస్తాండావా అన్నాడు. సింహం గుర్తు చూపించినా. నాకు సింహాలతో పనిల్యా, వెండైతే తెల్లగా మెరవాల అన్నాడు. రేపు మూడు గంటలప్పుడు, అసర్ నమాజు అయినంక వస్తాడంట. అప్పటికి మెరిస్తే సరి, లేకుంటే ఖలాస్."

మేము నల్లబరిచిన వెండిని మేమే ఒక్క రోజులో తెల్లబరచాలి. పేస్టు డబ్బా ఎప్పుడో అడుగంటింది. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు కొంచెం ఉంది, బొగ్గుల బూడిద ఉంది. తెల్లవారగానే వంటింటి నేల మీద పాత చాప పరిచి మొదలుపెట్టాను. మామా వచ్చి నాకెదురుగా కింద కూర్చుంది. అన్నేళ్లలో ఆమె నేల మీద కూర్చోవడం నేను చూడలేదు. ఒక పీచు ముక్క తీసుకుని తనే రుద్దడం మొదలుపెట్టింది. మూడు కాళ్ల గిన్నె నా చేతికి వచ్చింది. ఐదేళ్లలో దాని సందుల్లో మళ్లీ కొంచెం నలుపు చేరింది, గుడ్లతో చేరింది ఇంకాస్త.

"మామా, సందుల్లోది ఉంచనా?" అన్నాను.

"తీసెయ్," అంది. తలెత్తలేదు.

బూడిదతో నలుపు పోతోంది గానీ మెరుపు రావడం లేదు. వెండి బూడిద రంగులో చచ్చినట్టుంది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు గోడ తలుపు తీసుకుని టీచరమ్మ వచ్చింది. మెకానిక్ మాట ఆమెకూ చేరింది. చేతిలో సుద్దముక్కల పెట్టె ఉంది.

"బడి లేదు, పిల్లలు లేరు. ఇవి ఎవరికి?" అని, రోలు అడిగి తీసుకుని సుద్దముక్కలన్నీ మెత్తగా దంచింది. తడిగుడ్డను ఆ పొడిలో అద్ది ఒక పాల చెంబు మీద నెమ్మదిగా రుద్దింది. కాసేపటికి ఆ చెంబులో ఆమె ముఖం కనిపించింది.

ముగ్గురం మధ్యాహ్నం దాకా తోమాం. నేను చింతపండు పులుసుతో నలుపు తీసేదాన్ని, మామా కడిగేది, టీచరమ్మ సుద్దపొడితో మెరుపు తెచ్చేది. ఎవరూ తిండి మాట ఎత్తలేదు. నా చేతివేళ్లు చీరుకుపోయి పులుసు తగిలినప్పుడల్లా భగ్గుమనేవి. టీచరమ్మ ఒకసారి మాత్రం, "ఆయనకు చక్కెర జబ్బు, మందులు ఇస్తున్నారో లేదో," అంది. మామా ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, "ఇద్దరూ వస్తారు," అంది. ఆ మాట మామా మనస్ఫూర్తిగానే అన్నదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

అసర్ బాంగు వినిపించగానే టీచరమ్మను ఇంటికి పంపేశాం. వయసులో ఉన్న మనిషి, వాళ్ల కంట పడకూడదని. హాల్లో తివాచీ మీద వెండి అంతా పరిచాం. మూడు దేశాల వెండి కలిసిపోయింది. ఏది ఏ బీరువాలోదని ఇక ఎవరు చూడబోతారు. కెప్టెన్ ఇద్దరు సిపాయిలతో వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, నిద్ర లేని కళ్లు. మా అందరిలాగే అలసిపోయి ఉన్నాడు. ఒక కూజా తీసి చేతిలో ఎగరేసి బరువు చూశాడు. ఇంకొకటి చూశాడు. సిపాయిలను చూసి తల ఊపాడు. వాళ్లు గోతాల్లో వేయడం మొదలుపెట్టారు.

కెప్టెన్ సిగరెట్ పెట్టె తీసి దాని వెనుక రాయడానికి పెన్ను పట్టుకున్నాడు. పేరు అన్నాడు. మామా బాబా పేరు చెప్పింది, ఆయన తండ్రి పేరు, తాత పేరు చెప్పింది. అతను రాసుకున్నాడు. పెన్ను తీయకుండా కాసేపు అలాగే ఆగాడు.

మామా ఏమీ అనలేదు.

నేను తలుపు పక్కనే ఉన్నాను. నాకు అరబ్బీ బాగానే వచ్చు. టీచరమ్మ భర్త పేరు నాకు తెలుసు, నోటిదాకా వచ్చింది కూడా. ఇంత సరుకుకు ఇద్దరా అని అతనికి కోపమొస్తే బాబా కూడా రాడేమోనని భయపడ్డాను. మామాకూ అదే భయం అయ్యుంటుంది. అయ్యుంటుంది అనుకోవడమే గానీ నేను ఎప్పుడూ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. కెప్టెన్ పెన్ను జేబులో పెట్టుకుని, "యల్లా," అని సిపాయిలను బయల్దేరమన్నాడు.

ఐదో రోజు బాబా వచ్చాడు. గడ్డం పెరిగి, కాళ్లకు ఎవరివో చెప్పులు వేసుకుని, వాకిట్లో నిలబడి నీళ్లడిగాడు. టీచరమ్మ గోడ తలుపు తీసుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. బాబాను చూసి ఆయన వెనకాల చూసింది. తర్వాత మామాను కౌగిలించుకుని ముద్దు పెట్టుకుని, మీ ఆయన వచ్చాడంటే మా ఆయనా రేపో మాపో వస్తాడు అంది. మామా సరే సరే అంటూ ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది. నేను టీ పెట్టడానికి పోయాను.

ఆయన రాలేదు. యుద్ధం అయింది, చమురు బావుల మంటల పొగ ఊరంతా కమ్మింది, ఇరాక్ వాళ్లు పోయారు, పట్టుకుపోయినవాళ్లు కొందరు వెనక్కి వచ్చారు. ఆయన ఆ కొందరిలో లేడు. మామా మళ్లీ ఒక్క చెంచా కూడా కొనలేదు. బీరువాల్లో బాబా పుస్తకాలు సర్దింది. గోడ తలుపుకు గడియ వేయలేదు గానీ, అటువైపు తనంతట తాను ఎప్పుడూ పోలేదు. టీచరమ్మే వచ్చేది.

నేను ఊరికి వచ్చేసే ముందు రోజు పెరట్లో బట్టలు తీస్తుంటే టీచరమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. రెండు దుప్పట్లు మడతపెట్టడానికి సాయం పట్టింది. మూడో దుప్పటి దగ్గర అడిగింది.

"ఆ రోజు నువ్వు అక్కడే ఉన్నావు కదా. మామా రెండు పేర్లూ చెప్పింది కదూ?"

మామా వంటింటి కిటికీ దగ్గరే ఉంది. మాటలు వినిపించేంత దగ్గరలో.

"చెప్పింది," అన్నాను. "రెండూ రాసుకున్నాడు."

టీచరమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, మీ మామాకు దేవుడు ఏ లోటూ రానీయకూడదు అని దువా చేసింది. నేను ఆమీన్ అన్నాను.