హాలీ ఏడు, కల్దార్ ఆరు

రామచంద్రాపురంలో ఎనిమిదింటికి పటాన్‌చెరు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. చేతిసంచిలో గుడ్డమూట, మూటలో పద్నాలుగు పాత వెండి రూపాయలు. మనవరాలి పుట్టినరోజుకు పట్టగొలుసులు చేయించాలి. నాలుగు కరిగిస్తే చాలు, మిగతావి మళ్లీ బీరువాలో పెట్టేయొచ్చు. పని జల్దీ తెమిలిపోవాలి. ఒకచోట కూర్చుంటే నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది. ఆ సంగతి ముందే చెబితే మంచిది.

మా అమ్మ నాకు రెండేళ్లప్పుడే పోయింది. ముఖం గుర్తులేదు, ఫొటో కూడా లేదు. తర్వాత చాలా ఏళ్లకు బాపు పోయినప్పుడు పెట్టెలోని వెండి రూపాయలు మా అక్క యాదమ్మే పంచింది: తనకు పన్నెండు, నాకు పద్నాలుగు. చిన్నదాన్నని అక్క రెండెక్కువ పెట్టిందని ఇన్నేళ్లుగా కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. మా కోడలికైతే వినీ వినీ విసుగొచ్చింది.

పటాన్‌చెరులో కంసాలి దుకాణం తెరిచేసరికి తొమ్మిది దాటింది. ఆయన ఒక రూపాయిని గీటురాయి మీద గీసి, తిప్పి చార్మినార్ బొమ్మ చూశాడు.

"ఇవి హాలీ సిక్కలమ్మా, నిజాం రూపాయలు. కల్దార్ల కంటె వెండి తక్కువ."

"కల్దార్లంటె?"

"ఇంగ్రేజోళ్ల రూపాయలు. రాజు తలకాయ ఉంటది. నిజాం తన టంకసాలల హాలీలు కొట్టిచ్చుకుండు. ఏడు హాలీలిస్తె ఆరు కల్దార్లు, గది మారకం. హైద్రబాద్ ఇండియాల కలిసినంక గూడ కొన్నేండ్లు రెండూ నడిచినయి, తర్వాత హాలీ బందయింది. వంద కల్దార్లకు నూట పదహారు హాలీలు, పైన చిల్లర. పెండ్లిళ్ల సదివిచ్చే నూట పదహార్లు గక్కడికెల్లే వచ్చినయంటరు. నిజమో కాదో!"

ఏడుకు ఆరు. అంటే పద్నాలుగుకు పన్నెండు! అక్క దగ్గరున్నవన్నీ రాజు తలకాయవే. రెండెక్కువా లేదు, పాడూ లేదు. నోట్లు మార్చే దుకాణంలో మార్చినట్టు మార్చి నా చేతిలో పెట్టిందన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

"అన్నీ కరగబెట్టు" అన్నాను.

"గొలుసులకు నాలుగు చాలమ్మా."

"అన్నీ అన్న గద! మిగిలింది ముద్ద చేసియ్యి. మాపటికొచ్చి తీస్కపోత."

మూట బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. అక్కను మొహం మీదే అడగాలి. అది ప్రేమా, లెక్కా? తేల్చుకోకపోతే నాకు ముద్ద దిగదు.

సంగారెడ్డి బస్సులో సీటు లేదు. ముత్తంగి దగ్గర లారీలు అడ్డం పడి పావుగంట కదల్లేదు. పక్కన నిలబడ్డాయన నేపాలీ, పాశమైలారంలో ఏదో మందుల కంపెనీకి వాచ్‌మన్. "ఇస్నాపూర్ ఆయా క్యా, అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. మీ దేశంలోనూ రూపాయలేనా అని అడిగాను.

"రూపాయే. లేకిన్ యహా కా సౌ, వహా ఏక్ సౌ సాఠ్" అన్నాడు. ఇక్కడి వంద అక్కడ నూట అరవై. భార్య లెక్కబెట్టుకుని మురిసిపోతుందట, బజారుకు పోతే మాత్రం వచ్చే సామాను అంతేనట. నవ్వుతూ చెప్పి ఇస్నాపూర్‌లో దిగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పదకొండుకు సంగారెడ్డి. బస్టాండు బయట చాయ్, రెండు మిర్చీలు. ఒకటి సగంలో వదిలేశాను. కొండాపూర్ వైపు అక్క ఊరికి షేర్ ఆటో మనిషికి నలభై. నిండితే గానీ కదలదు. "ఇంకొక్క మనిషమ్మా" అంటాడు డ్రైవర్. "గా మనిషి కిరాయి నేనిస్త, నడువు!" అన్నాను.

అక్క అరుగు మీద కందులు చెరుగుతోంది. చెప్పులు కూడా విడవలేదు నేను.

"అక్కా, నాకిచ్చిన పద్నాలుగు ఏం లెక్క?"

"ఏం లెక్కేందే? ఏడుకు ఆరు. బాపు నేర్పిండు. నీకు తక్కువ చెయ్యలె, నేను ఎక్కువ తీస్కోలె."

"ప్రేమతోని రెండెక్కువ ఇచ్చినవనుకున్న."

"ఓసి నీ! పంపకాల కాడ ప్రేమేందే?"

నాకు ఏడుపొచ్చింది. "మంచిగైంది. అన్నీ కరగబెట్టుమని కంసాలికిచ్చొచ్చిన."

అక్క చేట కింద పెట్టేసింది. "అన్నీనా? అమ్మవి?"

"అమ్మవేంది?"

"కల్దార్లు బాపు షోలాపూర్ మిల్లుల పనిచేసి తెచ్చినయి. ఎప్పుడూ పెట్టెలనే ఉండె. హాలీలు అమ్మ మెడలయి. రూపాయల పేరు, దినాం ఏసుకునేది. నేనన్న అమ్మను సూసిన, నీకు యాదికే లేదు. గందుకే అమ్మయి నీకు రావాల్నన్న. తక్కువ వెండి చెల్లెకు అంటగట్టిందని రేపు ఎవ్వలూ అనొద్దని లెక్క సరిజేసిన."

"గీ ముచ్చట అప్పుడే చెప్తే ఏమైతుండె?"

"చెప్దామంటె నువ్వు ఆగినవా? మూట సంకల పెట్టుకొని బస్సుకు ఉరికినవ్."

కంసాలి ఫోన్ నంబరు నా దగ్గర లేదు. అన్నం తినమని అక్క అంటూనే ఉంది, నేను ఆటో మొత్తం మూడువందలకు మాట్లాడుకుని సంగారెడ్డికి పరుగెత్తాను. జహీరాబాద్ నుంచి వచ్చే బస్సు దొరికింది. ఈ దారిన వచ్చేవాళ్లు షిఫ్టు మారే వేళ తప్పించుకోండి. ఇస్నాపూర్ చౌరస్తాలో కంపెనీ బస్సులు నాలుగు దిక్కులా నిలిచిపోయాయి. నేను డ్రైవర్ వెనకాలే నిలబడ్డాను.

"జెర జల్దీ పోనియ్యి కొడుకా."

"లారీల మీదికెల్లి ఎగరాల్నా అమ్మా?"

దిగి నడుద్దామా అనుకున్నాను. రెండుసార్లు మెట్ల దాకా వెళ్లి తిరిగొచ్చాను.

దుకాణం చేరేసరికి మూడున్నర. కంసాలి నన్ను చూసి, కాగితంలో చుట్టిన వెండిముద్ద బల్ల మీద పెట్టాడు. "ఇగో, అన్నీ అయిపోయినయి." ముద్ద ఇంకా వెచ్చగానే ఉంది. నేనెందుకు ఏడుస్తున్నానో అర్థం కాక ఆయన కూజాలోంచి నీళ్లు వంచి ఇచ్చాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అక్క ఫోన్ చేసింది.

"దొరికినయా?"

"లేదక్కా. అన్నీ పోయినయి."

అక్క "నీ తొందర మన్నువడ!" అని తిట్టింది, తిడుతూనే ఏడ్చింది. తిట్టనిచ్చాను. అక్క ఆగాక, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అడగనిది అడిగాను.

"అక్కా, అవి అమ్మ మెడల ఎట్లుండె?"

"నాటేసేటప్పుడు వంగితె గలగల అనేటియి. వీపు మీదికి తిప్పుకునేది. నిన్ను సంకనెత్తుకుంటె ఒక్క రూపాయి పట్టుకొని నోట్లె పెట్టుకొని సప్పరిస్తుంటివి. అమ్మ గుంజుకుంటె రాగం తీస్తుంటివి. ఇగ మళ్ల నీకే ఇచ్చేది..."

రామచంద్రాపురం వచ్చింది. "దిగాల్నన్నవ్ గదమ్మా" అని కండక్టర్ పిలిచాడు. వద్దని చెయ్యి ఊపాను. బస్సు లింగంపల్లి వైపు కదిలింది.

"ఇంకా చెప్పక్కా" అన్నాను.