గొర్రెలకు టీకాలు వేసిన రోజు

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. మార్కాపురంలో పలకలు కోసే కార్మికుడి కొడుకుని. క్వారీ గుంతల దగ్గర ఏవో తిరుగుతాయని తోటి పిల్లలు భయపెడితే, ఒక్కణ్ణే వెళ్లి కాసేపు కూర్చుని వచ్చినవాణ్ణి. తర్వాత దొరికిన ఉద్యోగం ఆ మొండితనాన్ని ఇంకా పెంచింది. విమానాల భద్రతను తనిఖీ చేసే శాఖలో అధికారిని. విమానం కూలిందంటే దానికి కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది అదే.

అయినా ఇది జరిగింది. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా శాఖలో పూర్వం తనిఖీలు క్యాలెండర్ ప్రకారం సాగేవి. ప్రతి సంస్థకూ ఏడాదికి ఇన్నిసార్లని వెళ్లి, కాగితాలు చూసి, టిక్కులు పెట్టి వచ్చేవాళ్లం. బాగున్న చోటికీ, బాగాలేని చోటికీ ఒకే పద్ధతి. కొన్నేళ్ల కిందట అది మారింది. ప్రమాదానికి అవకాశం ఎక్కడ ఎక్కువో ముందే అంచనా వేసి అక్కడికి ఎక్కువసార్లు వెళ్లాలి, మిగతా చోట్లకు తక్కువ. ఉన్న కొద్దిమందితో చేయగలిగిన సరైన పని అదే. ఇప్పటికీ అదే అంటాను. ఆ మార్పు కోసం పట్టుబట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ అంచనాకు ముఖ్యమైన ఆధారం సంస్థలు పంపే నివేదికలు. ఒక ఫ్లయింగ్ స్కూల్ నుంచి లోపాల గురించి ఒక్క నివేదికా రాలేదు. కంప్యూటర్ దాన్ని ప్రమాదం తక్కువున్న జాబితాలో చూపించింది. ఆ నెలలో అక్కడ జరగాల్సిన తనిఖీని వాయిదా వేస్తూ ఒక మధ్యాహ్నం సంతకం పెట్టాను.

తొమ్మిదో రోజున ఆ స్కూల్ విమానం ఒకటి, ఎగిరిన కొద్దిసేపటికే పొలాల్లో కూలింది. ఒంటరిగా నడుపుతున్న అనూష అనే అమ్మాయి చనిపోయింది. ఇరవై ఒక్కేళ్లు. ఊరు కొనకనమిట్ల దగ్గర ఒక పల్లె, మా మార్కాపురానికి దగ్గరే.

ఇంజిన్ మధ్యమధ్యలో తడబడుతోందని విద్యార్థులకు ముందే తెలుసని దర్యాప్తులో బయటపడింది. నివేదిక రాస్తే విమానం ఆపేస్తారు, తమ వంతు వెనక్కి పోతుంది, పైగా స్కూల్లో చీవాట్లు. అందుకని ఎవరూ రాయలేదు. వాళ్ల భయాన్ని మేం భద్రత అనుకున్నాం.

తర్వాత మార్కాపురం వచ్చినప్పుడు అనూష ఇంటికి వెళ్లాను. ఆఫీసు పంపలేదు. ఏం మాట్లాడాలో కూడా తెలియదు. పొద్దున పదకొండు గంటలైంది. వాళ్లమ్మ లక్ష్మమ్మ దొడ్డి దగ్గర గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. భర్త పోయాక గొర్రెలు మేపి కూతుర్ని చదివించిన మనిషి. నన్ను చూసి లేచి నిలబడింది. నేనెవరో చెప్పకముందే అంది:

"నువ్వు చెప్పినట్టే అయిపాయె గదా నాయనా."

ఇంకెవరో అనుకుంటోందనుకున్నాను. నేనా ఊరు రావడం అదే మొదటిసారని చెప్పాను.

"అదేంది అట్లంటావు? ఈ అరుగు కాడనే గదా నిలబడింది. కూర్చోమంటే కూర్చోకపోతివి. పాపను ఆ విమానం ఎక్కనీయొద్దమ్మా, మేం చూడాల్సింది చూడలేదు అంటివి. అప్పుడే పాపకు ఫోన్ చేసి చెప్పినా. ఎవరో ఊరికే అనుంటార్లేమ్మా అని నవ్వె."

పక్కింట్లో బట్టలు కుట్టే ఖాసింబీని కేకేసి పిలిచింది. ఆమె నన్ను కాసేపు చూసింది.

"ఈ సారే అక్కా. నేనే గదా నీళ్లిచ్చింది. గ్లాసు పట్టుకున్నప్పుడు చూసినా, ఎడమ చెయ్యి మీద పొడుగ్గా మచ్చ ఉంది."

నా ఎడమ చెయ్యి అప్పుడు ప్యాంటు జేబులో ఉంది. చిన్నప్పుడు పలక అంచు కోసుకుని పడిన మచ్చ అది.

ఏ రోజని అడిగాను. గొర్రెలకు టీకాలు వేసిన రోజని ఇద్దరూ అన్నారు. లక్ష్మమ్మ లోపలికి వెళ్లి పశువుల డాక్టర్ రాసిచ్చిన కార్డు తెచ్చింది. తేదీ చూశాను. నేను వాయిదా సంతకం పెట్టిన రోజు.

ఆ రోజంతా నేను చాలా దూరంలో, ఆఫీసులోనే ఉన్నాను. హాజరు మిషన్‌లో నా వేలిముద్ర ఉంది. నాతో కలిసి భోజనం చేసినవాళ్లున్నారు. తర్వాత అన్నీ సరిచూసుకున్నాను.

ఆ అరుగు మీద కూలబడి లక్ష్మమ్మకు ఉన్నదంతా చెప్పాను. సంతకం సంగతి కూడా. గొర్రెపిల్ల సీసా కోసం ఆమె చీర కొంగు లాగుతూనే ఉంది.

"అయితే ఆ వచ్చినాయనే నయం," అంది సీసా మళ్లీ దాని నోటికి అందిస్తూ. "చెప్పనన్నా చెప్పి పోయినాడు."

నివేదికలు రాని సంస్థలకే ఇప్పుడు మేం ముందుగా వెళ్తున్నాం. ఆ నిబంధన రాసింది నేనే.

నా పోలికలున్న మనిషెవరో వచ్చి ఉంటాడని మొదట సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ మచ్చ? పోనీ, ఆ ఇంజిన్ సంగతి ఆ రోజుకి నాకే తెలియదు. ఆ విద్యార్థులు తప్ప ఇంకొకరికి ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే బాధపెట్టేది, నేను బయలుదేరుతుంటే లక్ష్మమ్మ అడిగిన మాట. "నేను ఇంకొంచెం గట్టిగా చెప్పి పిల్లను ఆపింటే బతికుండునా నాయనా?"

ఆ రోజు ఆమె ఇంటికి వచ్చింది ఎవరో, నా రూపంలోనే ఎందుకు వచ్చారో, అంత దూరం వచ్చి కూడా ఆ పిల్లను కాపాడకుండా తల్లి గుండె మీద ఈ బరువు ఎందుకు పెట్టి పోయారో నాకు ఈ రోజుకీ తెలియదు.