కొబ్బరినూనె తూటాలు

ఫిజీ దీవుల్లో, నౌసోరి అనే ఊళ్ళో మునియ్య అనే ముసలాయన ఉండేవాడు. పులిహోరైనా పెరుగన్నమైనా చెంచాతోనే తినేవాడు. అదీ కొబ్బరిచిప్పను తానే అరగదీసి చేసుకున్న చెంచా. "దొర బంగళాలో పనిచేసి దొరబుద్ధులు నేర్చాడు" అని జనం మూతి తిప్పుకునేవాళ్ళు. ఆయనకు పట్టుకున్నది దొర బుద్ధి కాదు, దొర కంపు.

చిత్తూరు పక్క పల్లెలో కాగితం మీద వేలిముద్ర వేసి, గిరిమిట్ అనే అయిదేళ్ళ ఒప్పందం మీద కూలీగా ఫిజీలో దిగేనాటికి మునియ్యకు ఇరవై రెండేళ్ళు. రేవా ఏటి ఒడ్డున చెరకు తోటలో పడ్డాడు. లైను అనే కూలీల వరసకొట్టంలో, మేకను కట్టేస్తే మేకే తిరగబడేటంత గది. ఆ గదిలోకే వచ్చింది బసంతి, ఉత్తరాదిన బస్తీ జిల్లా మనిషి. నీళ్ళ దగ్గర పోట్లాటతో మొదలైన కాపురం అది. ఆమె మూడు నెలల్లో తెలుగు నేర్చుకుంది, ముందు తిట్లు, తరవాత మిగతావి.

ఆ లైనులో మునియ్యకు ఉన్నది ఒక్కటే మర్యాద. ఏటా కృష్ణాష్టమికి తెలుగువాళ్ళు ఎనిమిది రోజులు భజన చేసి, ఆఖరి రోజు ఒకే పంక్తిలో కూర్చుని తినేవాళ్ళు. ఆ రోజు పులిహోర కలిపే చెయ్యి మునియ్యది. మిగతా ఏడాదంతా అతను ఒక నంబరు. ఆ ఒక్క పూట మాత్రం లైనంతా అతని చేతివైపు చూసేది.

ఆ చేతికే ముప్పొచ్చింది.

తోట పని చూసే దొరను అక్కడ కులంబర్ అనేవాళ్ళు. ఈ తోట కులంబరుకు ఎర్రగడ్డం, ఆ గడ్డంలో నిన్నటి భోజనం. పాలలో పడ్డ ఈగను పిండుకుని మరీ పారేసే రకం. అతనికి ఒకే సరదా. ఆదివారాలు పక్క తోటల దొరలతో పోటీపడి చేతితుపాకి పేల్చడం. తూటాలేమో సువా పట్నంలో కొనాలి, కొనాలంటే ప్రాణం పోతుంది. అందుకని ఒక పెట్టెనిండా సరంజామా తెప్పించి, పేల్చిన ఇత్తడి గొట్టాలనే మళ్ళీ మళ్ళీ నింపించేవాడు. మునియ్య వేళ్ళు చురుకైనవని కనిపెట్టి, మూడో ఏడు అతన్ని చెరకులోంచి బంగళాకు లాక్కొచ్చింది అందుకే.

పేల్చే సరదా దొరది, ఏరే ఖర్మ మునియ్యది. దొర పందుల దొడ్డి కంచెకు ఆనుకుని నిలబడి పేల్చి, ఖాళీ గొట్టాలు వెనక్కి విదిలించేవాడు. అవి బురదలో పడేవి. బురద అనడం మర్యాదకు. మునియ్య మోచేతుల దాకా దించి దేవుతుంటే పందులే అసహ్యపడి పక్కకు తప్పుకునేవి. ఆ గొట్టాలు నిమ్మకాయతో తోమాలి, అడుగున మందును అంటించే టోపీ, కాలిపోయినదాన్ని ఊడగొట్టి కొత్తది బిగించాలి. సీసం కరిగించి మూసలో పోసి గుండ్లు తియ్యాలి. ఆ పొగకు నాలుక చెడిపోయి, పచ్చిమిరపకాయ కొరికినా బెల్లం చీకినట్టుండేది.

అసలు రోత ఆ తరవాతిది. గుండు నడుము చుట్టూ గాట్లుంటాయి. గుండు సులువుగా జారేందుకు వాటిలో కొవ్వు కూరాలి. కొవ్వు కొనడానికి దొరకు చేతులెందుకొస్తాయి? వారమంతా తాను తిన్న గొడ్డుమాంసం పెనంలో వదిలిన జిడ్డును ఒక రేకు డబ్బాలో దాచేవాడు. మూత తీస్తే ఈగలు ముందు సంతోషించి, తరవాత స్పృహ తప్పేవి. ఆ జిడ్డును వేళ్ళతో పిసికి మెత్తబరిచి, గుండుకు పూసి, తుపాకిమందు పోసిన గొట్టంలో దిగ్గొట్టాలి. సబ్బుతో కడిగినా, ఇసకతో తోమినా గోళ్ళలోంచి కంపు పోదు.

"ఏ జీ, ఆ చేత్తో చెంబు ముట్టుకోకు" అనేది బసంతి. "దోసిలి పట్టు, పోస్తాను. ఛీ, దోసిలి కూడా వద్దు. నోరు తెరువు."

సంగతి భజన పెద్ద మున్సామి చెవిన పడింది. మద్దెల వాయించేవాడు, లైనులో తెలుగువాళ్ళకు తీర్పులూ చెప్పేవాడు. అష్టమి ఆఖరి రోజు ఇంకా పది రోజులుందనగా మునియ్యను పిలిపించాడు.

"ఏమప్పా, గొడ్డుకొవ్వు పిసికే చేత్తో దేవుడికి పులిహోర కలపతావా?"

"దొర చెప్పిన పని మావా. కాదంటే కోర్టు, జైలు. ఆ రోజులన్నీ గిరిమిట్‌కే కలుపుతారు. నీకు తెలీందా?"

"తెలుసు. అయినా ఈ ఏడు పొయ్యి కాడికి రావద్దు."

మునియ్యకు ఒళ్ళు మండింది. "ఓడలో అందరం ఒకే గంగాళంలో తిన్నాం గదా మావా. అప్పుడు నీకు డోకు రాలేదే?"

"అది సముద్రం. ఇది నేల."

"నీ మద్దెలకి మూసిన తోలు ఏ చెట్టుది?"

"అది చచ్చినాక ఒలిచింది."

"ఈ కొవ్వేమన్నా బతికుండంగా గిల్లుకొచ్చినారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. మున్సామికి మొహం మాడింది. "కొవ్వు ముట్టనని ప్రమాణం చేస్తే పొయ్యి నీది. లేదంటే పంక్తిలో కూడా ఆకు లేదు, పో!"

మునియ్యకు ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లవారుజామున తల తిప్పితే ఎదురుగా గూట్లో బసంతి తల నూనె సీసా. ఆగస్టు అక్కడ చలికాలం, ఆ చలికి కొబ్బరినూనె పేరుకుని తెల్లగా గడ్డకట్టి ఉంది. అచ్చం దొర డబ్బాలో కొవ్వులాగే. మునియ్య లేచి కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి గుండ్లకు కొబ్బరినూనె. కొవ్వు డబ్బాలోంచి రోజుకింత పుల్లతో తీసి పందులకు విసిరాడు. మున్సామి ముందు దీపం ఆర్పి ప్రమాణం చేశాడు. అరవై తూటాలు కడిగిన ముత్యాల్లా వరస పేర్చాడు. ఆ పెట్టెలో మొదటిసారి దేవుడి గది వాసన వచ్చింది. చేసిన పొరపాటల్లా ఒకటే. అతను నూనెను చూసింది తెల్లవారుజామున. దొర తుపాకి పేల్చేది మిట్టమధ్యాహ్నం.

అష్టమి ఆఖరి రోజుకు వారం ముందు ఆదివారం, ఏటి ఒడ్డున పోటీ. నలుగురు దొరలు. మన కులంబరు తూటాల సంచీ గంటసేపు ఎండలో ఉంది. లోపల నూనె కరిగి కారి, తుపాకిమందు ముద్దయిపోయింది. ఎర్రగడ్డం ఛాతీ విరుచుకుని, ఒక కన్ను మూసి మీట నొక్కాడు.

"టిక్."

రెండోది, "టిక్." మూడోది "తుస్స్" మంది. గుండు తుపాకి గొట్టం చివరిదాకా ప్రయాణం చేసి, తాంబూలం ఉమ్మినట్టు అతని బూటు మీద జారిపడింది. పొగతో పాటు వేయించిన కొబ్బరి వాసన. పక్క తోట దొరలు పొట్టలు పట్టుకున్నారు. ఒకడైతే "అన్నం కూడా తెచ్చావా?" అని అడిగాడు.

దొర సాయంత్రం బంగళాకొచ్చి, ఒక తూటా విప్పి వాసన చూశాడు. మునియ్య మెడ పట్టుకుని మెట్లమీంచి బూటుకాలితో తన్నాడు. "కొవ్వు కిధర్?" అని వచ్చీరాని మాటల్లో అరిచాడు.  కోర్టుకీడుస్తాడేమోనని మునియ్య రెండు రోజులు వణికాడు. కానీ దొర ఈడ్వలేదు. ఈడిస్తే, వంటింటి జిడ్డుతో కూలీ చేత తూటాలు చేయించుకుంటున్న సంగతి మేజిస్ట్రేటు ముందు చదవాలి. అందుకని మునియ్యను మళ్ళీ చెరకులోకి, అందులోనూ ముళ్ళగడ్డి ఎక్కువున్న చోటుకి తోలాడు. తూటాలు తానే నింపుకోవడం మొదలుపెట్టాడు. పందుల దొడ్డిలో మోచేతులు దించి దేవుకుంటున్న దొరను కూలీలు చెరకు సందుల్లోంచి కళ్ళారా చూశారు. పందులు ఆయన్ని చూసి మాత్రం తప్పుకోలేదంటారు.

అష్టమి ఆఖరి రోజు పొయ్యి మునియ్యదే. వీపు వాచి ఉంది, అయినా రేవా బియ్యం వండి, చింతపులుసు కాచి, రెండు చేతులూ దించి కలిపాడు. మున్సామి వడ్డించుకుని, మళ్ళీ వడ్డించుకుని, మోచేతి దాకా కారింది నాకి, "చెయ్యంటే ఇదిరా!" అన్నాడు.  పది రోజుల కింద మునియ్యను వెలివేసిన నోరు అది.

అందరూ తిన్నాక మునియ్య తన ఆకు ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాడు. చింతపండు, మెంతిపొడి వాసన కాదు. గోళ్ళ లోపలి నుంచి అదే డబ్బా, అదే జిడ్డు. ముద్ద జారవిడిచి లేచి, లైను వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు.

బసంతి వెనకే వచ్చింది. చెయ్యి పట్టుకుని వాసన చూసింది. "ఏం లేదు. నిమ్మకాయ వాసన."

"నీకు రాదులే" అన్నాడు.

 ఆమె పగిలిన కొబ్బరిచిప్ప ఒకటి ఏరి, అతని చేతికిచ్చి, "అరగదియ్యి" అంది.

గిరిమిట్ తీరాక నౌసోరిలో నేల కౌలుకు తీసుకుని వరి వేశాడు. ఏటా అష్టమికి ఊరందరికీ ఆ చేత్తోనే పులిహోర కలిపాడు. తన ఆకులోది మాత్రం, చచ్చేదాకా, ఆ చిప్పతోనే తిన్నాడు.