జొన్నలు ఆరబోసిన క్రికెట్ పిచ్

హైదరాబాదుకు ఉత్తరాన మొట్టమొదటి క్రికెట్ స్టేడియం కట్టించినవాడిని నేనే. శామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట్ దారిలో ఎవరినడిగినా చెబుతారు. అడగకండి, నవ్వుతారు. ఆ స్టేడియం ఒక ఆదివారం పొద్దున, బీడీ కాలినంత సేపట్లో, నా పరువుతో సహా ఎలా కూలిందో నేనే చెబుతాను.

తొంభైల నాటి మాట. మాది ద్రాక్ష తోట. నేను కబడ్డీలో పులిని. అంతటి పులికి పుట్టాడు మల్లేశం. పదమూడేళ్లు. బంతి దొర్లుకుంటూ కాళ్ల దగ్గరికి వస్తే, పాపం దానికి దారి కావాలేమోనని కాళ్లు పక్కకు జరిపేవాడు.

బడి నుంచి రాగానే ద్రాక్ష పందిరి కిందికి పోయి వెల్లకిలా పడుకునేవాడు. అక్కడ ఎండ కూడా ఆకుపచ్చగానే ఉండేది. ఆకుల సందుల్లోంచి జారిన వెలుగు చుక్కలు వాడి చొక్కా మీద, మొహం మీద మెల్లగా పాకేవి. చెరువు వైపు నుంచి గాలి వీస్తే పందిరంతా నిద్రలో ఊపిరి తీసుకున్నట్టు లేచి దిగేది.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"సూస్తున్న నాయినా."

"ఏందది?"

"గా ఎలుగు. ఇందాక గీ కర్ర కాడుండె. ఇప్పుడు గా కర్ర కాడికి వోయింది."

"సూసినవా, ఎలుగు గూడ ఉరుకుతాంది. నువ్వెప్పుడు ఉరుకుతవ్?"

"ఉరుకతలేదు నాయినా. మెల్లగ నడుస్తాంది."

గట్టిగా తిట్టాలని పక్కనే కూర్చున్నాను. కూర్చున్నవాడిని కాస్త ఒరిగాను. కళ్లు తెరిచేసరికి పొద్దు గూకింది, తిట్టాల్సిన సంగతి మరిచిపోయాను. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మావాడికి వంగేదాకా ఓపిక ఎక్కడిది, మొక్కగానే పడుకున్నాడు.

అప్పుడే పట్నంలో ఆటలు నేర్పే హాస్టలు బడి ఒకటి ఉందని తెలిసింది. ఫారం నింపి పంపాను. ఆటల సారు ఆదివారం మా తోటకే వచ్చి పిల్లవాడి క్రికెట్ చూస్తానన్నారు. ఆయనకు నచ్చితే జూన్‌లో వాడు హాస్టలుకు పోవాలి. అన్నం తింటుండగా ఈ మాట చెప్పాను. వాడు సగం తిన్న కంచాన్ని పక్కకు జరిపి అడిగాడు.

"ఆడ పందిరుంటదా నాయినా?"

"గ్రౌండుంటది. శాన పెద్దది."

లేచి చెయ్యి కడుక్కున్నాడు. మా ఆవిడ బాలమణి నా వైపు చూసిన చూపుకు పప్పు ఇంకోసారి ఉడికేది.

అయినా నేను ఆగలేదు. ఆడలేనమ్మ మద్దెల ఓడందట. ఆడని వాడికి నేను కొత్త మద్దెలే కట్టిద్దామనుకున్నాను. తోటలో ఓ పక్క పందిరి పీకించి నేల చదును చేయించాను. పిచ్ గట్టిగా ఉండాలని ఎవరో చెప్పారు. నేల గట్టిపడాలంటే మా వంశంలో తెలిసిన విద్య ఒక్కటే, కల్లం చేసే విద్య. నీళ్లు చల్లించి, ఎడ్లతో రాతి గుండు లాగించి, శనివారం పొద్దునకల్లా పేడతో నున్నగా అలికించాను. అద్దంలా వచ్చింది. రోజంతా చూసుకుని మురిసిపోయి రాత్రి పడుకున్నాను.

ఆదివారం పొద్దున పోయి చూద్దును కదా, పిచ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా జొన్నలు. నడుమ కర్ర పట్టుకుని మా అమ్మ.

"మస్తు కల్లం జేసినవ్ బిడ్డా. మీ నాయిన గూడ గింత సాపుగ జెయ్యలే."

"అమ్మా, గిది కల్లం గాదే. పిచ్చు."

"ఏదైతేంది. అలికినవా లేదా? అలికిన జాగల గింజలు ఆరవొయ్యకుంటే దేనికి అలికినట్టు?"

జొన్నలు ఎత్తించే వ్యవధి కూడా లేదు, సారు స్కూటర్ వచ్చి ఆగింది.

"పటేలా, పిచ్ ఏడున్నది?"

"మీరు నిలవడ్డదే సార్."

ఆయన ఒక బూటు ఎత్తి దానికి అంటిన జొన్నలు చూసుకున్నారు. పెద్దమనిషి, దులుపుకున్నారు. మల్లేశాన్ని పిలిచి, "పట్టుర బాబు" అని బంతి పైకి విసిరారు. వాడు తలెత్తి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. బంతి వాడి వెనకాల జొన్నల్లో ధప్పుమని పడింది. వాడు ఇంకా పైకే చూస్తున్నాడు.

"ఏం జూస్తున్నవ్‌ర?"

"బంతి గా మబ్బు ముందట్కెల్లి వోయింది సార్. మస్తుగున్నది."

సారు కూడా ఒక క్షణం ఆ మబ్బును చూశారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. "జరుగురా, నేను సూపిస్త" అని సారు తెచ్చిన బ్యాట్ లాక్కున్నాను. సారు మెల్లగా బంతి వేశారు. కళ్లు మూసుకుని కొట్టాను. తగిలింది. ఆ సంతోషంలో పరుగందుకున్నాను.

జొన్నల మీద పరిగెత్తకూడదని ఏ శాస్త్రంలోనైనా ఉంటే బాగుండేది. మూడో అడుగుకే కాళ్లు నన్ను వదిలేసి ముందుకు పోయాయి. వెనక నుంచి నేను, వీపు మీద, పండుగనాటి తేరులా సాఫీగా సాగిపోయాను. ధోతి మాత్రం వికెట్ల దగ్గరే దిగిపోయింది.

అప్పుడు జరిగింది ఆ అద్భుతం. మావాడు ఉరికాడు. పుట్టి పదమూడేళ్లలో మొదటిసారి, నేల తగలనట్టు, గాలికి ఎగిరిన ఆకులా ఉరికొచ్చి, ధోతి నా మీద కప్పాడు.

సారు నోరు తెరిచి చూశారు. "పటేలా, పోరడు గుర్రమే. నేను తీస్కపోత."

మల్లేశం మొహం మాడిపోయింది. "నేను పోను నాయినా" అన్నాడు మెల్లగా, నా ఒక్కడికే వినబడేలా. నేల మీద నుంచే వాడిని చూశాను. వాడి వెనకాల, మిగిలిన పందిరి గాలికి లేచి దిగుతోంది. మూడు నెలలుగా కలగన్న మాట ఆ సారు నోటి నుంచి రానే వచ్చింది. నాకేమో అది వద్దనిపించింది.

"వద్దు సార్," అన్నాను ధోతి చుట్టుకుంటూ. "మీ కాడ వీడు ఉరకాల్నంటే నేను దినాం వచ్చి పడాలె. నా నడుం ఒప్పదు."

సారు నవ్వి, గంపెడు ద్రాక్షపళ్లు స్కూటరుకు కట్టించుకుని వెళ్లిపోయారు.

ఇక నిజాలు. స్టేడియం అన్నది నాలుగు గుంటల నేల. అందులో తీగలు అప్పటికే ఎండిపోయాయి. కబడ్డీలో పులినన్నానా? జట్టులో ఒకరు తక్కువైతే నన్ను పిలిచేవారు. పిలిచాక కూడా ఒకరు తక్కువగానే ఉండేది.

కనుక పెద్దలందరి సాక్షిగా, నా విరిగిన నడుం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: వెల్లకిలా పడుకుని వెలుగును చూసే పిల్లవాడిని ఇక నేను లేపను. మరీ లేపాల్సి వస్తే, ముందు ధోతికి బెల్టు పెట్టుకుంటాను. తండ్రి పడితే ఏ బిడ్డయినా ఉరికొస్తాడు, అది లోకం మీద ప్రేమకున్న...

ఇంతవరకు రాసేసరికి, ఇప్పుడు నడివయసుకు వచ్చిన మల్లేశం నా భుజం మీదుగా చదివి అన్నాడు.

"నీ కోసం ఎవడురికిండు నాయినా? మేక వచ్చి జొన్నలల్ల మూతి వెట్టింది, అవ్వ సంపుతదని దాన్ని ఎల్లగొట్ట ఉరికిన. నీ ధోతి నా కాళ్లకు తట్టుకుంటే తీసి అవతలికి ఇసిరేసిన. నువ్వు ఆడనే పండుకొని ఉన్నవని తర్వాత సూసిన."