బోదకు కొడవలి పెట్టేముందు

పోయిన వానాకాలం నర్సరీ నుంచి ఆటోలో తెచ్చిన గడ్డి దుబ్బులను నా కోడలు గేటు పక్కన వరసగా నాటిస్తుంటే, ఊరికే ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపాను. నిమ్మతొక్కా ఎండుమట్టీ కలిసినట్టుండే ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఆకు విసిరేశాను. మన గడ్డిజాతులను తోటలో అందానికి పెంచడం ఇప్పుడు తిరుపతిలో కొత్త ముచ్చట. నర్సరీవాడు నోరు తిరగని పేరేదో చెప్పి అమ్మాడు గానీ, అది బోద. ఐరాల దగ్గర మా పల్లెలో ఇంటి కప్పు మీద పరిచిన బోదే.

మాది బోదకొట్టం. ఎండాకాలం లోపల కుండనీళ్ళ చల్లదనం, తొలివాన పడితే కప్పంతా ఆ నిమ్మవాసన. నాయనను కన్న మా అవ్వ ఎప్పుడో కొండ మీంచి దుబ్బులు పెరికి తెచ్చి ఇంటి చుట్టూ దడి మాదిరి నాటిందట. కప్పు కోసమే నాటినా ఆమెకు దాని అందం మీదా మోజే. కార్తీకంలో ఎర్రటి కంకులు వేసి సాయంత్రపు ఎండకు మెరుస్తుంటే, సంగటి ముద్దను ఊరిబిండి పచ్చడిలో అద్ది నాకు పెడుతూ, మనవరాలి జడను చూసుకున్నట్టు దాన్ని చూసుకునేది. పిల్లలం ఆ కాడలతో బాణాలు చేసుకునేవాళ్ళం, ఆకు చీల్చి ఈలలు వేసేవాళ్ళం, దుబ్బుల వెనక దాక్కుని ఒళ్ళంతా దురదలతో తన్నులు తినేవాళ్ళం.

మాఘంలో కోత. కొడవలి పెట్టేముందు అవ్వ ప్రతి దుబ్బునూ కట్టెతో మొదట్లో గట్టిగా కొట్టి, లోపల ఉన్న పామును పలకరించేది. “నీ పాటికి నువ్వు పోప్పా, నా పని నేను జేసుకుంటా.” కాసేపు ఆగేది. అప్పుడే వంగేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. అంతకుముందు, నా తర్వాత పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ బిడ్డ కడుపులో ఉండగా నాయన బోద కోయించి కప్పు మార్పించాడు. ఇంట్లో ఆడమనిషి కడుపుతో ఉంటే కప్పు ముట్టకూడదు, బోదకు కొడవలి పెట్టకూడదని మావైపు ఆచారం. అది తప్పినందుకే బిడ్డ దక్కలేదని అమ్మ నమ్మకం. అందుకే ఈసారి దాని జోలికి పోనని నాయనతో ఒట్టు వేయించుకుంది.

శివరాత్రి పోయింది, ఉగాది పోయింది. కోత పడని బోద ఎండి తెల్లబడి చూరును తాకింది. గాలి వీస్తే రాత్రింబవళ్ళు ఒకటే గరగర. అందులో ఎలకలు చేరాయి, కోడిపిల్లలు తగ్గుతూ వచ్చాయి, కానీ మా కళ్ళన్నీ ఎదురుగా ఉన్న కొండ మీదే. కొండకు నిప్పంటుకుంది. పగలు పొగ, చీకటి పడితే కిందికి దిగుతున్న ఎర్రటి గీత. గాలికి కొట్టుకొచ్చిన బూడిద వాకిట్లో పడితే అమ్మ ఊడ్చేసేది.

“ఒక్క నిప్పురవ్వ పడితే సాలు, ఈ ఇల్లుండదు” అంది అవ్వ.

“ఒట్టేసినాను గదమా, నన్నేం జేయమంటావు” అన్నాడు నాయన తల దించుకుని.

నాకు భయం పట్టుకుంది. అన్నం తింటున్నా చూరువైపే చూసేదాన్ని.

ఒక తెల్లవారుజామున అమ్మ ఇంకా లేవకముందే అవ్వ కొడవలి తీసింది. వాకిట్లో నులకమంచం మీంచి నేను చూస్తున్నాను. “మీయమ్మకు సెప్పొద్దు పాపా, ఇంటి పక్కన రొవ్వంత కోసొస్తా” అంది. కట్టె తీసుకోలేదు. కొడితే చప్పుడుకు అమ్మ లేస్తుంది, లేస్తే ఏడ్చి అడ్డం పడుతుంది. పామును పలకరించనూ లేదు. ఊరికే వంగింది.

రక్తపింజరి కరిస్తే అరవలేదు కూడా. కాటు పడిన చెయ్యి పట్టుకుని నడిచొచ్చి నా మంచం పక్కన కూర్చుని, “నాయన్ను లేపు, మెల్లింగా” అంది. బండి కట్టుకుని చిత్తూరు పోయేసరికి పొద్దెక్కింది. సాయంత్రానికి ప్రాణం లేని అవ్వను తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. కొండ మీది నిప్పు మా పల్లెదాకా రానే లేదు, దానంతటదే ఆరిపోయింది.

తమ్ముడు క్షేమంగా పుట్టాడు. ఒట్టు వల్లే వాడు దక్కాడని అమ్మ ఒక్కనాడూ అనలేదు. నాయన బోదను వేళ్ళతో సహా పెరికేసి, ఇంటికి రేకులు వేయించాడు.

ఇప్పుడు మా వైపు బోదకొట్టం వెతికినా కనపడదు. కప్పు నేసేవాళ్ళు పోయారు, దుబ్బును పలకరించేవాళ్ళూ పోయారు. గడ్డి మాత్రం నా గేటు దగ్గరికే వచ్చింది, నడుమెత్తు పెరిగి, ఎండి, గరగరమంటూ. అలిపిరి పైన కొండల్లో ఈ వేసవీ పొగ లేస్తోంది. ఎండితేనే దానికి అందం అంటుంది కోడలు. ఆమెకు ఏడో నెల. సాయంత్రమైతే చెప్పుల్లేకుండా ఆ గడ్డి పక్కనే నడుస్తుంది. ఆ గరగర వింటే కంచం వదిలి గుమ్మంలోకి వస్తాను.

నిన్న ఇక ఉండబట్టలేక కొడవలి, మాప్ కట్టె పట్టుకుని బయటికి వచ్చాను. దుబ్బు మొదట్లో కొట్టాను. “నీ పాటికి నువ్వు పోప్పా” అన్నాను.

“ఎవురితో అత్తా మాట్లాడతా ఉండారు?” అని నవ్వుతూ వచ్చి పక్కన నిలబడింది కోడలు.

గాలి లేదు. గడ్డి ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మెల్లగా కదిలింది.

కోడలి చెయ్యి పట్టి మెట్ల మీదికి లాగేశాను. మళ్ళీ కొట్టాను, ఈసారి ఇల్లంతా, వీధంతా వినపడేలా.