వెర్లిన్ జేబు పిస్తోలు

వెర్లిన్ స్ట్రౌడ్ జేబులోని బుల్లి పిస్తోలు పదివేల తూటాలు పేల్చినా ఒక్కసారీ మొరాయించలేదని టెన్నెసీలో సగంమంది ప్రమాణం చేస్తారు. మిగతా సగానికి వెర్లిన్ ఇంకా చెప్పలేదంతే. రోజూ టిఫిన్ హోటల్లో కూర్చోబోతూ కుడి జేబు తడుముకుని, బొజ్జ కిందికి జారిన ప్యాంటు పైకి లాక్కుని, "తొమ్మిదేళ్లు! తుమ్మనైనా తుమ్మలేదు" అంటాడు. ఆదివారం చర్చికి వెళ్లినా అది జేబులోనే, పిప్పరమెంట్ల పక్కన. ఆ మాట నమ్మే, ఆసుపత్రి డ్యూటీ దిగి ఒంటరిగా ఇంటికొచ్చే కూతురు డార్లా అలాంటిదే కొనబోయింది. కొనేముందు తండ్రిని షూటింగ్ రేంజికి లాక్కెళ్లి, "నీది ఓసారి పేల్చి చూపించు నాన్నా" అంది.

వెర్లిన్ ఠీవిగా గురిపెట్టాడు. మొదటి తూటా పేలింది. రెండోది ఇరుక్కుంది. తూటాలు తీసేసి విప్పి చూస్తే, లోపల జేబు నూగు, దానికంటుకున్న పిప్పరమెంటు పలుకు. పక్కనే ఉన్న పాత స్నేహితుడు హోయ్ట్ "దొంగొస్తే ఏం చేస్తావురా, చప్పరించమని చేతిలో పెడతావా?" అన్నాడు.

"పాపం, నా బొజ్జ కింద ఊపిరాడక చచ్చుంటుంది" అని వెర్లిన్ అందరికంటే గట్టిగా నవ్వాడు. డార్లా నవ్వలేదు.

"దీన్ని నమ్ముకునా నేను ఒంటరిగా తిరగాల్సింది? పదివేలు పేల్చానన్నావు కదా?"

వెర్లిన్ టోపీ తీశాడు.

"పదివేలు కాదమ్మా. ఇందాక పేలిందే మొదటిది."