నీలం రేకుపెట్టె

హిందూపురం బజారులో రేకుపెట్టెల కొత్త రంగు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెనుకొండ బడిలో పిల్లలందరికీ కలిపి తెలివి పరీక్ష పెట్టారు. నేను ఫస్టు, చెల్లెలు లాస్టు. మా ఇద్దరిలో ఒకరిని హిందూపురం హాస్టల్లో పెట్టి చదివిద్దామని ఆ వారమే నాయన నీలం పెట్టె కొనుక్కొచ్చాడు. పంపేది నన్నేననుకుని, రంగు ఆరకముందే నా గౌన్లన్నీ అందులో సర్దేశాను. నీలం అంటిన ఆ గౌన్లను నాయన ఒక్కొక్కటే బయటికి తీసి, చెల్లెలివి పెట్టాడు.

“నీకు తెలివుండాది పాపా, యాడున్నా బతుకుతావు. చెల్లికే మంచి బడి కావల్ల.”

అది మెచ్చుకోలనుకుని వీధంతా చెప్పుకు తిరిగాను.

చెల్లెలు ఇప్పుడు బెంగళూరులో ఇంజనీరు. నేను ధర్మవరంలో ఒక అంగట్లో చీరలు మడతపెడతాను. నాయన చెప్పింది అక్షరాలా నిజం. బతుకుతున్నాను.